పైకొచ్చాకే ప్రాణగండం

గోదావరి మీద రైలు వెళుతుంటే కిటికీలోంచి నాణెం విసిరి దండం పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నాణెం ఏ ఇసుకలో కూరుకుపోతుందో ఎవరికీ పట్టదు. రైలును మోసే స్తంభం సంగతి అలా కాదు. అది పై ఇసుకను దాటుకుని, వరద ఎంత కోసినా కదలని పొర దాకా దిగి నిలబడాలి. వేసవికి ఎండిపోయే వాగైతే దిగి తవ్వుకోవచ్చు. ఏడాది పొడవునా నిండుగా పారే నదిలో, అదీ పడవల రద్దీ మధ్య, నీళ్ల కింద మనుషులు పార పట్టుకుని ఎలా తవ్వారు?

19వ శతాబ్దంలో ఇంజినీర్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. అది బాగానే పనిచేసింది. కానీ ఆ పనిలోకి దిగిన కూలీలకు ఓ వింత జబ్బు పట్టుకుంది. నది అడుగున ఉన్నంతసేపూ నిక్షేపంగా పార పట్టి పనిచేసినవాడు, పని ముగించి మెట్లెక్కి పైకొచ్చి, నలుగురితో మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలిపోయేవాడు. ప్రమాదం ఉన్న చోట ఏమీ కాలేదు. ప్రమాదం దాటి వచ్చాక ప్రాణం పోయింది. ఎందుకు?

వంతెన పనిలో చావు అనగానే మనకు ముందు తోచేది ఎత్తు మీంచి పడిపోవడం. నిజానికి ఎక్కువమంది అలాగే పోయారు. దానికి కొంతవరకు మందు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు కింద వల కట్టించారు. జారిపడి ఆ వలలో చిక్కి బతికినవాళ్లు 19 మంది. 1937 ఫిబ్రవరిలో పరంజా విరిగి వలతో సహా కిందికి పోయినప్పుడు మాత్రం ఒక్కరోజే పదిమంది చనిపోయారు. పడిపోవడం కళ్లముందు జరుగుతుంది. వల కట్టాలని ఎవరో ఒకరికి తట్టి తీరుతుంది. నది అడుగున పొంచి ఉన్నది అలా కనిపించేది కాదు.

నీళ్లను తోసేసే గాలి

ఆ ఉపాయం పేరు కైసన్. పైకప్పు ఉండి, నాలుగు గోడలుండి, అడుగు లేని పెట్టె అది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కోసం దించిన రెండు కైసన్‌లు ఒక్కోటి దాదాపు 170 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు. దుంగలు పేర్చి చేసిన వాటి పైకప్పే మొదటిదానికి 15 అడుగుల మందం. ఇంత పెట్టెను నీళ్ల మీద తేల్చుకుంటూ తెచ్చి, నిలపాల్సిన చోట ఆపి, పైకప్పు మీద రాతి కట్టుబడి మొదలుపెట్టారు. రాళ్ల బరువుకు పెట్టె మునిగి నది అడుగుకు ఆనుకుంది.

ఇక లోపలి నీళ్లు పోవాలి. ఆవిరితో నడిచే కంప్రెసర్లు పైనుంచి గాలిని లోపలికి కుక్కుతాయి. లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడికి సమానమయ్యేసరికి నీళ్లు గోడల అంచు కిందుగా బయటికి పోతాయి. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు గది ఒకటి మిగులుతుంది. బురదే గానీ మనిషి నిలబడి పనిచేయొచ్చు. కూలీలు అక్కడికి దిగి మట్టీ రాళ్లూ తవ్వుతుంటే పెట్టె మెల్లగా కిందికి జరుగుతుంది. పైన కట్టుబడి లేస్తూ ఉంటుంది. గట్టి నేల తగిలాక ఆ గదిని కాంక్రీటుతో నింపేస్తారు. కూలీలు తిరిగిన గదే చివరికి స్తంభానికి పాదం అవుతుంది.

పైనున్న మామూలు గాలికీ లోపలి గాలికీ మధ్య తలుపు నేరుగా తీస్తే గాలంతా ఒక్కసారిగా పైకి ఎగదన్నుతుంది. అందుకని మధ్యలో రెండు తలుపుల చిన్న ఇనప గది ఉంటుంది. దాన్ని ఎయిర్‌లాక్ అంటారు. దిగేటప్పుడు కూలీలు అందులోకి వెళ్లి పై తలుపు మూసుకుంటారు. కుళాయి తిప్పి లోపలి గాలిని మెల్లగా రానిస్తారు. చెవులు గట్టిగా నొక్కుకుపోతాయి. ఒత్తిడి రెండువైపులా సమానమయ్యాక కింది తలుపు తెరుచుకుంటుంది. పైకొచ్చేటప్పుడు ఇదే తంతు తిరగేసి జరుగుతుంది. మన కథంతా ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది.

లోతుకూ ఒత్తిడికీ లెక్క

మనమంతా ఎప్పుడూ ఒక వాతావరణ పీడనం కిందే బతుకుతున్నాం. అంటే మన మీద ఉన్న గాలి బరువు. నీళ్లలో సుమారు 33 అడుగులు (పది మీటర్లు) దిగిన ప్రతిసారీ దానికి ఇంకొక వాతావరణం తోడవుతుంది. 33 అడుగుల దగ్గర రెండు, 66 దగ్గర మూడు, 99 దగ్గర నాలుగు. కైసన్ లోపల నీళ్లు లేకపోయినా, ఆ లోతు నీటిని ఆపి పట్టుకున్న గాలి కాబట్టి లెక్క అదే. అంత ఒత్తిడికి మనిషి నలిగిపోడా అని అనుమానం రావచ్చు. నలగడు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి కూడా అదే ఒత్తిడిలో ఉంటుంది గనుక లోపలా బయటా తూకం సరిపోతుంది. శరీరంలో ఎక్కువ భాగం నీరే. నీరు నలిగేది కాదు.

కింద మనుషుల పరిస్థితి

బ్రూక్లిన్ కైసన్‌లోకి దిగినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్, జర్మనీ, ఇటలీల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. మొదట్లో రోజు కూలి రెండు డాలర్లు. గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. చిక్కటి గాలిలో గొంతు సన్నబడి కీచుగా వినిపిస్తుంది, ఈల వేయడం కుదరదు. కొవ్వొత్తి ఆర్పితే మళ్లీ వెలుగుతుంది. ఒత్తిడి పెరిగితే ఆక్సిజన్ కూడా ఆ మేరకు చిక్కబడుతుంది, నిప్పుకు అది విందుభోజనం. 1870 డిసెంబరులో కొవ్వొత్తి మంట ఒకటి పైకప్పు దుంగల సందుల్లోని నారకు అంటుకుంది. మంట పైకి కనిపించకుండా దుంగల లోలోపలే తినుకుంటూ పోయింది. చివరికి కైసన్‌ను నీళ్లతో నింపి ముంచితే గానీ ఆరలేదు.

ఇంకో భయం గాలి తప్పించుకుపోవడం. లోపలి ఒత్తిడి ఒక పిసరు ఎక్కువైనా, అంచు కింద మట్టి వదులైనా గాలి బయటికి చొచ్చుకుపోతుంది, దాని వెనకే నీళ్లు లోపలికి వస్తాయి. ఇలాంటి గాలి ఒత్తిడితోనే నదుల కింద రైలు సొరంగాలూ తవ్వారు. న్యూయార్క్‌లో హడ్సన్ నది కింద 1880లో అలా గండి పడి 20 మంది చనిపోయారు. 1916లో ఈస్ట్ నది కింద ముగ్గుర్ని గాలి సొరంగంలోంచి, నది అడుగు మట్టిలోంచి, నీళ్లలోంచి పైకి విసిరేసింది. అందులో ఒకడు బతికి బట్టకట్టాడు, మళ్లీ అదే పనికి వెళ్లాడు. కథ రాసేవాడు రాస్తే నమ్మం.

సెయింట్ లూయిస్‌లో 1870 మార్చి

బ్రూక్లిన్ కంటే ముందే సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ నది మీద జేమ్స్ ఈడ్స్ అనే ఇంజినీరు వంతెన మొదలుపెట్టాడు. తూర్పు వైపు స్తంభం 1870 ఫిబ్రవరి ఆఖరుకు తొంభై మూడున్నర అడుగుల లోతున రాయిని తాకింది. అప్పటిదాకా దిగినకొద్దీ కూలీలకు కీళ్లనొప్పులు, పొత్తికడుపులో పోట్లు వస్తూనే ఉన్నాయి. కొందరు నడుము వంచుకుని నడిచేవారు, మిగతావాళ్లు వాళ్లను చూసి నవ్వేవారు. మార్చిలో నవ్వులు ఆగిపోయాయి. రెండు గంటలు పనిచేసి పైకొచ్చిన ఒక కూలీ, ఒంట్లో బాగానే ఉందని చెప్పిన పావుగంటకే ఊపిరందక పడిపోయి చనిపోయాడు. ఆ తర్వాత వరసగా మరికొందరు. వంతెన పూర్తయ్యేలోపు ఈ జబ్బుతో పోయినవాళ్లు పన్నెండుమందికి పైనే.

కూలీలు తమకు తోచిన రక్ష తాము కట్టుకున్నారు. జింకు, వెండి ముక్కలు కలిపి కుట్టిన పట్టీలు మణికట్టుకూ చీలమండకూ నడుముకూ చుట్టుకునేవారు. ఈడ్స్ కుటుంబ వైద్యుడు అల్ఫాన్స్ జామినే సంగతేమిటో చూద్దామని తానే దిగాడు. రెండు గంటల నలభై ఐదు నిమిషాలు కింద ఉండి, ఎయిర్‌లాక్‌లో మూడున్నర నిమిషాలు గడిపి పైకొచ్చాడు. ఇంటికి చేరేసరికి కాళ్లూ చేయీ పడిపోయాయి, మాట పోయింది. అదృష్టం కొద్దీ కోలుకున్నాడు. అలసటే జబ్బుకు మూలమని తేల్చి పని గంటలు తగ్గించమన్నాడు. కారణం తప్పు, మందు మాత్రం కొంత పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలియాలంటే ఒంట్లోకి వెళ్లే గాలి ఏమవుతోందో చూడాలి.

గోలీ సోడాలో ఉన్న రహస్యం

గోలీ సోడా సీసాను కొట్టకముందు చూడండి. నీళ్లు తేటగా ఉంటాయి, ఒక్క బుడగ కనిపించదు. గ్యాస్ లోపలే ఉంది. ఒత్తిడి పెట్టి నీళ్లలోకి ఎక్కించారు, ఆ ఒత్తిడిని గోలీ పట్టుకుని ఉంది. గోలీని నొక్కగానే ఒత్తిడి పోతుంది, కరిగి ఉన్న గ్యాస్ ఇక నీళ్లలో ఉండలేక బుడగలై పైకి పొంగుతుంది. గ్యాస్ కొత్తగా ఎక్కడినుంచో రాలేదు. ఒత్తిడి పోయింది, అంతే.

కైసన్‌లో కూలీ ఒళ్లు గోలీ కొట్టని సీసా. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. ఆక్సిజన్‌ను శరీరం వాడుకుంటుంది, నైట్రోజన్‌తో దానికి పనిలేదు. అలాగని అది ఊరికే బయటే ఉండిపోదు. ఊపిరితిత్తుల్లో రక్తంలోకి కరుగుతుంది, రక్తం దాన్ని కండకూ కొవ్వుకూ కీళ్లకూ నరాలకూ మోసుకెళుతుంది. మామూలు ఒత్తిడిలో మన ఒంట్లో కరిగి ఉండేది దాదాపు ఒక లీటరు. నాలుగు వాతావరణాల ఒత్తిడిలో ఎక్కువసేపు ఉంటే నాలుగు రెట్లు కరుగుతుంది. మనిషికి ఏమీ తెలియదు. పాట పాడుతూ తవ్వుకుంటూ ఉంటాడు.

పైకొచ్చేటప్పుడు ఒత్తిడి మెల్లగా తగ్గిస్తే, ఎక్కిన నైట్రోజన్ ఎక్కిన దారినే రక్తంలోకీ, ఊపిరితిత్తుల్లోకీ, ఊపిరిలోకీ వచ్చేస్తుంది. నాలుగు నిమిషాల్లో తగ్గిస్తే దానికి ఆ వ్యవధి చాలదు. ఉన్నచోటే బుడగలవుతుంది.

బుడగ ఎక్కడ పుడితే అక్కడి బాధ వస్తుంది. మోకాలు, భుజం, మోచేయి కీళ్ల దగ్గరైతే ఎముక లోపలి నుంచి పొడిచినంత నొప్పి. చర్మం కిందైతే దురద. లోపలి చెవిలోనైతే తల తిరిగి తూలిపోతారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గుంపుగా చేరితే ఊపిరాడదు. వెన్నుపాము అన్నిటికంటే ఘోరం. నైట్రోజన్ నీటిలో కంటే కొవ్వులో దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది. నరాల చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఎక్కువ. పైగా వెన్నుపాము నుంచి రక్తం బయటికి పోయే దారులు ఇరుకు. అక్కడ బుడగలు అడ్డుపడితే నడుము కింద స్పర్శ పోతుంది, కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం ఆగిపోతుంది. బుడగ చుట్టూ రక్తం గడ్డకట్టడం, వాపు రావడం మొదలైతే, తర్వాత బుడగ పోయినా దెబ్బ మిగిలిపోతుంది.

ఇప్పుడు జామినే మందు ఎందుకు పనిచేసిందో తెలుస్తుంది. పని గంటలు తగ్గితే అలసట తగ్గడం సరే, ఒంట్లోకి ఎక్కే నైట్రోజన్ కూడా తగ్గింది. సెయింట్ లూయిస్‌లో ఇంకో పొరపాటు జరిగింది. అక్కడ ఎయిర్‌లాక్‌ను కింద, గది పక్కనే పెట్టారు. అంటే కూలీలు మామూలు ఒత్తిడికి వచ్చేశాక తొంభై అడుగుల పైచిలుకు మెట్లెక్కాలి. ఒత్తిడి తగ్గిన వెంటనే కండరాలకు గట్టి పని చెప్పడం బుడగలు పుట్టడానికి తోడ్పడుతుంది. ఆ మెట్లు ఎంతమందిని ముంచాయో!

బ్రూక్లిన్: 78 అడుగుల దగ్గర ఆగిన పని

బ్రూక్లిన్ వంతెనను తలపెట్టిన జాన్ రోబ్లింగ్ 1869లో ఫెర్రీ రేవు దగ్గర కాలు నలిగి ధనుర్వాతంతో పోయాడు. పని కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ మీద పడింది. బ్రూక్లిన్ వైపు కైసన్ 44 అడుగులకే ఆగింది కాబట్టి జబ్బు పెద్దగా బాధించలేదు. న్యూయార్క్ వైపుది అంతకంతకూ దిగుతూ పోయింది. సెయింట్ లూయిస్ సంగతి తెలిసినవాడు గనుక రోబ్లింగ్ ఆండ్రూ స్మిత్ అనే డాక్టరును కూలీల కోసం పెట్టించాడు. ఆయన 110 కేసులు నమోదు చేశాడు. కైసన్ జబ్బు అన్న పేరు వైద్యంలో నిలబడింది ఆయన 1873 నివేదికతోనే.

1872 వసంతంలో రెండు చావులు వరసగా జరిగాయి. మే నెలలో కూలీలు పని ఆపి మూడు డాలర్ల కూలి అడిగారు. ప్రాణానికి రోజుకు మూడు డాలర్లే అడిగారన్నది తలుచుకుంటే ఇప్పుడు మనసుకు కష్టంగా ఉంటుంది. సమ్మె కొద్దిరోజుల్లోనే సద్దుమణిగింది. మూడో చావు జరిగాక రోబ్లింగ్ లెక్క వేసుకున్నాడు. రాతి పొర ఇంకా చాలా కింద ఉంది. అక్కడిదాకా వెళితే ఇంకెంతమంది పోతారో! తవ్వకంలో తగిలిన ఇసుక గట్టిగా కుదురుకుని, ఎన్నో యుగాలుగా కదలనిదిగా ఉంది. ఆ ఇసుక మీదే, 78 అడుగుల పైచిలుకు లోతున ఆపేయమన్నాడు. ఆ స్తంభం ఇప్పటికీ ఇసుక మీదే నిలబడి ఉంది. ఇంజినీరింగ్ చరిత్రలో సాహసాల గురించి చాలా రాస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సాహసం ఇక తవ్వొద్దన్న ఆ మాటే.

అప్పటికే రోబ్లింగ్ ఒళ్లు దెబ్బతింది. మంటలు ఆర్పేటప్పుడు గంటల తరబడి లోపలే ఉండి ఒకసారి పడిపోయాడు, 1872లో మళ్లీ పడిపోయాడు. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆయన వంతెన పనిని ఎక్కువగా ఇంట్లోంచే నడిపించాడు. భార్య ఎమిలీ లెక్కలూ పదార్థాల గుణాలూ నేర్చుకుని, ఆయన మాటలు ఇంజినీర్లకు, వాళ్ల ప్రశ్నలు ఆయనకు చేరవేసింది. 1883 మే 24న వంతెన తెరిచారు.

మందు తెలుసు, ఓపిక లేదు

ఈ కథలో అసలు బాధ కలిగించే విషయం వేరే ఉంది. వాళ్లకు తెలియక చచ్చారనడానికి లేదు. 1841 ప్రాంతంలోనే ఫ్రాన్సులో ట్రిజే అనే ఇంజినీరు లువార్ నది ఒడ్డున బొగ్గుగని కోసం ఈ గాలి పద్ధతిని వాడాడు. కూలీలకు నొప్పులు రావడం అప్పుడే చూశారు. 1854లో పోల్, వాటెల్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు రెండు సంగతులు రాసిపెట్టారు. జబ్బు లోపల ఉండగా రాదు, బయటికి వచ్చాకే వస్తుంది. నొప్పి వచ్చినవాణ్ణి మళ్లీ ఒత్తిడి గాలిలోకి పంపితే తగ్గుతుంది. ఈ రెండూ ఉంటే దాదాపు అంతా ఉన్నట్టే. బుడగల సంగతిని పాల్ బెర్ 1878లో జంతువుల మీద ప్రయోగాలతో రుజువు చేసి, బుడగల్లో ఉన్నది నైట్రోజన్ అని చెప్పాడు.

కూలీలు ఇవేవీ చదవలేదు. రాత్రంతా మోకాలి నొప్పితో మూలిగినవాడు తెల్లారి పనికి దిగగానే నొప్పి మాయమవడం మాత్రం వాళ్లకు అనుభవమే. డాక్టర్ స్మిత్ కూడా ఇది గమనించి, రోగిని ఉంచి గాలి ఎక్కించే ఇనప గది ఒకటి ఉంటే బాగుంటుందని రాశాడు. అయితే బ్రూక్లిన్‌లో అలాంటిది కట్టలేదు.

ఎందుకు కట్టలేదంటే ఒక్క యాజమాన్యాన్నే తప్పుపట్టడం సులువు. నిజం ఇంకాస్త చిక్కుగా ఉంది. ఎయిర్‌లాక్‌లో కూర్చున్న ప్రతి నిమిషం తవ్వకం లేని నిమిషం, అది కంపెనీ లెక్క. కూలీల లెక్క వేరు. గాలి విచ్చుకుంటే చల్లబడుతుంది, కాబట్టి ఒత్తిడి తగ్గుతున్న ఆ ఇరుకు గది పొగమంచుతో నిండిపోయి చలి పుట్టిస్తుంది. చెమటతో తడిసినవాళ్లు భుజం భుజం ఒరుసుకుంటూ అందులో నిలబడాలి. కుళాయి బార్లా తిప్పేసి పరుగున బయటపడాలని వాళ్లకే ఉండేది. మెల్లగా రావాలన్న నియమం పెట్టినా, ఆ మెల్లగా అన్నది నిమిషాల్లోనే ఉండేది. అవసరమైనది గంటల్లో.

మందు గది మొదటిసారి అక్కరకొచ్చింది 1889-90 ప్రాంతంలో, మళ్లీ హడ్సన్ నది కిందే. ఎర్నెస్ట్ మోయిర్ అనే ఇంజినీరు అక్కడికి వచ్చేసరికి, పనివాళ్లు ఏడాదికి నాలుగో వంతు చొప్పున చనిపోతున్నారు. అతను పెద్ద ఇనప డ్రమ్ములో మంచాలు వేయించి, నొప్పి వచ్చినవాళ్లను అందులో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి, నిదానంగా తగ్గించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పదిహేను నెలల్లో 120 మందిలో చనిపోయింది ఇద్దరే.

జబ్బు పోయిందా అంటే పోలేదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్లు ఈస్ట్ నది కింద సొరంగాలు తవ్వించినప్పుడు అక్కడి వైద్యుడు కీస్ 1909లో ఇచ్చిన నివేదికలో 3,692 కేసులున్నాయి. అందులో చావులు 20. చికిత్స ఉండబట్టి అంతటితో ఆగింది. గాలి ఒత్తిడిలో పని గురించి న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది ఆ ఏడాదే.

మేకలు చెప్పిన లెక్క

ఎంత మెల్లగా రావాలి? దీనికి అంకె కావాలి. బ్రిటిష్ నౌకాదళం డైవర్ల కోసం ఆ అంకె వెతికినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. మనిషికి బరువులో కొంత దగ్గరగా ఉంటాయని మేకల్ని ఎంచుకున్నాడు. వాటిని ఇనప గదిలో పెట్టి ఒత్తిడి ఎక్కించి, రకరకాల వేగాలతో దించి చూశాడు. కీలు నొప్పి వచ్చిన మేక ముందుకాలు పైకెత్తి నిలబడుతుంది, చెప్పనక్కర్లేదు.

రెండు సంగతులు తేలాయి. ఒత్తిడి సగానికి తగ్గినంతవరకు బుడగలు ఇబ్బంది పెట్టడం లేదు. నాలుగు నుంచి రెండుకు చకచకా రావచ్చు, రెండు నుంచి ఒకటికి మాత్రం ఆగి ఆగి రావాలి. అంతకుముందు అందరూ ఒకే వేగంతో దించేవారు. రెండోది, ఒంట్లో అన్ని భాగాలూ ఒకే తీరుగా నిండవు. రక్తం బాగా పారే భాగాలు నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతాయి. కొవ్వు, కీళ్లు నింపుకోవడానికీ వదలడానికీ గంటలు తీసుకుంటాయి. అందుకే అరగంట దిగినవాడికీ నాలుగు గంటలు దిగినవాడికీ వేర్వేరు లెక్క. హాల్డేన్, బాయ్‌కాట్, డామంట్ కలిసి 1908లో ఈ పట్టికలు ప్రచురించారు. సగం అన్న నియమం కూడా ఎక్కువసేపు దిగినవాళ్లకు చాలదని తర్వాత తెలిసి, దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు డైవర్ల చేతికి కట్టుకునే చిన్న కంప్యూటర్లలో నడుస్తున్న లెక్కకు మూలం అదే.

ఈ హాల్డేన్ కొడుకుది మన గడ్డతో ముడిపడిన కథ. జె.బి.ఎస్. హాల్డేన్ పదమూడేళ్ల వయసులోనే తండ్రి ప్రయోగాల కోసం స్కాట్లండ్ తీరంలో డైవింగ్ సూట్ తొడుక్కుని దిగాడు. 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, ఒత్తిడి గదుల్లో తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. వాటిలో వెన్నెముక దెబ్బతిని జీవితాంతం నొప్పి భరించాడు. పెద్ద జన్యుశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకుని 1957లో భారతదేశానికి వచ్చేశాడు. పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. జె.బి.ఎస్. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయేముందే, తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని రాసిపెట్టాడు. దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు.

మన నదుల్లో బావి పద్ధతి

మన వంతెనలకు ఇంతమంది కైసన్ రోగులు లేకపోవడానికి ఒక కారణం ఉంది. ఉత్తరాన గంగ నుంచి కింద గోదావరి దాకా మన పెద్ద నదుల అడుగున లోతైన ఇసుక మేటలు. ఇక్కడ ఎక్కువగా వాడింది బావి పునాది. పైనా కిందా తెరిచి ఉన్న రాతి లేదా కాంక్రీటు ఒర కట్టి, మధ్యలోని ఇసుకను పైనుంచి యంత్రం పంజాతో నీళ్లతో సహా తోడేస్తారు. బరువుకు ఒర దిగుతుంది. లోపల నీళ్లు ఉంటే ఉంటాయి, మనిషి అడుగున ఉండక్కర్లేదు, గాలి ఒత్తిడి అక్కర్లేదు. 1897లో మొదలై 1900లో పూర్తయిన రాజమండ్రి పాత రైలు వంతెన, అంటే హేవ్‌లాక్ వంతెన, ఆ బావి పునాదుల కాలం నాటిదే.

బావి పద్ధతికీ చిక్కులున్నాయి. దిగుతున్న ఒరకు పెద్ద బండో దుంగో అడ్డుపడితే పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు డైవర్ దిగి తడిమి చూడాలి. అడుగున జారే ఇసుక ఉంటే తోడినకొద్దీ పక్కనుంచి వచ్చి పడుతూనే ఉంటుంది. హౌరా వంతెన కట్టినప్పుడు కలకత్తా వైపు అదే జరిగింది. ఇసుకను ఆపడానికి గాలి ఒత్తిడి పెట్టక తప్పలేదు. చదరపు అంగుళానికి సుమారు 40 పౌన్లు, అంటే బ్రూక్లిన్ కంటే ఎక్కువ. ఆ పనికి దాదాపు 500 మంది కూలీలు కావలసి వచ్చారు.

మనదేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో గాలి ఒత్తిడి పని వల్ల వచ్చే జబ్బులనూ చేర్చారు. గాలి ఒత్తిడిలో పనికి భద్రతా నియమావళి కూడా ఐఎస్ 4138 పేరుతో ఉంది.

ఎముకలో దాక్కునేది

అన్ని దెబ్బలూ ఆ రోజే బయటపడవు. హాంబర్గ్‌లో ఎల్బ నది కింద సొరంగం తవ్విన కూలీల్లో కొందరికి తుంటి, భుజం కీళ్లు అరిగిపోవడం అక్కడి వైద్యులు 1911లో గమనించారు. ఎముకకు రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోయి, ఆ ముక్క చచ్చిపోతుంది. తుంటి ఎముక బంతి అలా చచ్చి, నడిచేటప్పుడు బరువుకు కుంగిపోతుంది. ఇది తెలిసేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా కూలీ ఆ సైటు వదిలి ఇంకో ఊళ్లో ఇంకో మేస్త్రీ దగ్గర ఉంటాడు. ఎప్పుడు ఎంత లోతుకు దిగాడో రాసిన రికార్డు చేతిలో లేకపోతే, అది పాత పని దెబ్బ అని రుజువు చేయడం చాలా కష్టం.

ఇప్పుడు కైసన్‌లు తక్కువ. కానీ మెట్రో సొరంగాలు తవ్వే భారీ యంత్రాల ముందు భాగంలో కోసే పళ్లు అరిగినప్పుడు, మట్టీ నీళ్లూ లోపలికి రాకుండా గాలి ఒత్తిడి పెట్టి, మనుషులు అందులోకి వెళ్లి మార్చాల్సిన సందర్భాలు ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తారు. పీల్చే గాలిలో నైట్రోజన్ లేకపోతే ఒంట్లోది తొందరగా బయటపడుతుంది. నెదర్లాండ్స్‌లో వెస్టర్‌షెల్డ సొరంగం దగ్గర ఒత్తిడి మరీ ఎక్కువై, పనివాళ్లు ఒత్తిడి ఉన్న గదిలోనే రోజుల తరబడి తిని పడుకున్నారు. ప్రతి షిఫ్టుకూ పైకొచ్చే బదులు చివర్లో ఒక్కసారే నెమ్మదిగా వచ్చారు.

లక్షణాలు చాలావరకు పైకొచ్చిన 24 గంటల్లోపే కనిపిస్తాయి. ఆ లోపు కీళ్లనొప్పి, తిమ్మిరి, తూలడం మొదలైతే తైలం మర్దనాలూ కాపడాలూ అంటూ పొద్దు పుచ్చకూడదు. ఆక్సిజన్ పెట్టి, ఒత్తిడి గది ఉన్న చోటికి తీసుకెళ్లాలి. లోతుకు డైవింగ్ చేసిన రోజున విమానం ఎక్కవద్దనడానికీ కారణం ఇదే. పైన ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. రోడ్డు మీద తూలుతూ నడిచే కైసన్ కూలీని తాగుబోతు అనుకుని పోలీసులు తీసుకుపోయిన రోజులున్నాయి. అందుకని గాలి ఒత్తిడిలో పనిచేసేవాళ్లకు బిళ్ల ఒకటి ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ మనిషి స్పృహ తప్పి కనిపిస్తే మామూలు ఆస్పత్రికి కాదు, ఫలానా చోట ఉన్న ఒత్తిడి గదికి తీసుకురండి అని దాని మీద రాసి ఉంటుంది.